వేడి, నీరు, ఆ తర్వాతే తిండి: చిక్కి శల్యమైన పెంపుడు బల్లిని బతికించే క్రమం

పిల్లల ముచ్చట కోసం కొన్న లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లి, ఆ పిల్లలు కాలేజీకి వెళ్లిపోయాక గరాజ్ మూలన ఒక గాజు పెట్టెలో మిగిలిపోవడం అమెరికాలో అరుదైన సంగతి కాదు. సరిగ్గా చూసుకుంటే పదిహేను ఇరవై ఏళ్లు బతకగల జంతువును రెండేళ్ల ముచ్చట కోసం కొనడంలోనే దాని కష్టాలకు బీజం పడుతుంది. చివరికి ఎవరో జాలిపడి ఆ పెట్టెతో సహా ఇంటికి తెచ్చుకునే నాటికి అది కళ్లు లోతుకు పోయి, తోక పుల్లలా ఎండి, నడుము ఎముకలు పైకి తేలి, ఇసుక మీద పొట్ట ఆనించి కదలకుండా పడి ఉంటుంది. తెచ్చినవారు ఆ పూట చేసే మొదటి పని, దుకాణానికి వెళ్లి కీచురాళ్ల డబ్బా కొనుక్కొచ్చి పెట్టెలో వదలడం. మనసు మంచిదే గాని, చాలా సందర్భాల్లో అక్కడే పొరపాటు జరుగుతుంది. ఆకలితో చిక్కిన ఈ ప్రాణికి ముందు కావలసింది తిండి కాదు. ముందు వేడి, తర్వాత నీరు, ఆ తర్వాతే తిండి. ఈ క్రమం ఎందుకు తప్పకూడదో అర్థం చేసుకుంటే చికిత్సలో మిగతా చిక్కుముడులు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

లెక్కల కోసం ఒక బల్లిని ఊహించుకుందాం. పూర్తిగా ఎదిగిన లెపర్డ్ గెకో సాధారణంగా యాభై నుంచి ఎనభై గ్రాముల బరువు తూగుతుంది. మన ఉదాహరణలోని బల్లి బరువు 32 గ్రాములు. పెట్టెలో ఒక ఎర్ర బల్బు, కింద ఇసుక, ఒక ఖాళీ నీళ్ల మూత తప్ప ఇంకేమీ లేవు.

ముందుగా ఇది ఎలాంటి బల్లి అన్నది చూడాలి. మన గోడల మీద తిరిగే బల్లికీ దీనికీ చుట్టరికం ఉన్నా, నడవడి వేరు. దీని వేళ్ల కింద అతుక్కునే మెత్తలు లేవు కాబట్టి గోడలెక్కదు, నేల మీదే నడుస్తుంది. గోడబల్లికి లేని కనురెప్పలు దీనికి ఉన్నాయి, నిద్రపోయేటప్పుడు కళ్లు మూసుకుంటుంది. శాస్త్రీయ నామం యుబ్లెఫారిస్ మాక్యులేరియస్. 1854లో ఎడ్వర్డ్ బ్లైత్ దీన్ని వర్ణించాడు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాళ్ల నేలలు దీని సొంత ఊరు. దీని దగ్గరి బంధువు ఒకటి మన తూర్పు కనుమల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, ఒడిశా కొండల్లో కనిపించే ఆ బల్లిని చాలాకాలం వేరొక జాతిగా భావించి, చివరికి 2022లో యుబ్లెఫారిస్ పిక్టస్ అనే పేరుతో ప్రత్యేక జాతిగా గుర్తించారు. అలాంటి అడవి బల్లి విశాఖ కొండల్లో ఎదురైతే ఇంటికి తెచ్చుకోవడాన్ని రక్షించడం అనలేము, దాన్ని దాని దారిన పోనివ్వడమే మేలు. ఈ వ్యాసంలో చెప్పేదంతా తరతరాలుగా పెంపకంలోనే పుట్టి పెరిగిన బల్లి గురించి.

ఈ జాతికి లావుపాటి తోకే ధాన్యపు గాదె. వేటకు కరువొచ్చే కాలం కోసం కొవ్వును అక్కడ దాచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నదాని తోక దాదాపు మెడంత లావు ఉంటుంది. అందుకే తోక ఎండిందంటే ఆకలి నిన్నటిది కాదని, గాదె అడుగు గీరి తినేంతవరకు వచ్చిందని అర్థం. ఆపద వచ్చినప్పుడు తోకను వదిలేసి పారిపోవడం దీనికి స్వభావం కాబట్టి, బలహీనంగా ఉన్న బల్లిని తోక దగ్గర పట్టుకోవడం కన్నా చేటు లేదు, ఉన్న కాస్త నిల్వ కూడా ఆ క్షణంలో పోతుంది. తెగిన తోక మళ్లీ మొలుస్తుంది గాని అందులో వెన్నుపూసలు ఉండవు, వాటి స్థానంలో మృదులాస్థి కడ్డీ ఒకటి ఏర్పడుతుంది. ఆ నిర్మాణానికి కావలసిన పోషకాలను కూడా ఆ చిక్కిన శరీరమే భరించాలి.

వేడి లేనిదే ఏదీ పనిచేయదు

మనం తిన్న అన్నం అరగడానికి బయట ఎండ కాయనక్కరలేదు, లోపలి వేడిని శరీరమే పుట్టించుకుంటుంది. బల్లికి ఆ సౌకర్యం లేదు. జీర్ణరసాల పని, పేగుల కదలిక, కాలేయం, మూత్రపిండాలు, రోగనిరోధక కణాలు, అన్నీ బయటి నుంచి తీసుకున్న వేడి మీదే నడుస్తాయి. లెపర్డ్ గెకో పెట్టెలో ఒక చివర నేల ఉపరితలం 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్, రెండో చివర 24 నుంచి 26 డిగ్రీలు ఉండాలి. ఈ రెండింటి మధ్య అది తనకు కావలసిన చోటును తానే ఎంచుకుంటుంది. రెండు చివర్లూ వేడిగా ఉన్న పెట్టె కూడా చల్లని పెట్టెలాగే ప్రమాదకరం, ఎందుకంటే అందులో ఎంపిక లేదు.

చల్లగా ఉన్న బల్లి కడుపులోకి కీచురాయి వెళ్తే అది అరగదు. అక్కడే కుళ్లుతుంది, లేదా రెండు రోజుల తర్వాత వాంతిగా బయటికి వస్తుంది. ఆ వాంతితో శరీరంలో మిగిలి ఉన్న కాస్త నీరూ పోతుంది. "పెట్టింది కక్కేసింది, ఇక బతకదు" అని చాలామంది నిరాశపడేది ఈ దశలోనే. అప్పటికి అది బతకలేని స్థితికేమీ చేరలేదు, ఇంకా వేడెక్కలేదు, అంతే.

వేడికీ రోగనిరోధక శక్తికీ ఉన్న సంబంధాన్ని చక్కగా చూపిన పాత ప్రయోగం ఒకటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ క్లూగర్ బృందం డెసర్ట్ ఇగువానా అనే ఎడారి బల్లులకు హానికరమైన బ్యాక్టీరియాను ఎక్కించి, వాటిని 34 నుంచి 42 డిగ్రీల దాకా వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర ఉంచి, ఫలితాలను 1975లో ప్రచురించింది. ఎక్కువ వేడిలో ఉంచినవాటిలో ఎక్కువ భాగం బతికాయి, 34 డిగ్రీల దగ్గర ఉంచినవి కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. జబ్బుపడిన బల్లి తనంతట తానుగా వేడి చోటుకు వెళ్లి జ్వరం తెచ్చుకుంటుందని కూడా ఆ పరిశోధనల పరంపర తేల్చింది. మనకు జ్వరం ఒంట్లో పుడితే, దానికి జ్వరం ఎండలో దొరుకుతుందన్నమాట. దీన్నిబట్టి లెపర్డ్ గెకోను 42 డిగ్రీల దగ్గర పెట్టాలని ఎవరూ అనుకోకూడదు. అవి వేరే జాతి లెక్కలు, మన బల్లి ఆ వేడికి చచ్చిపోతుంది. మనం గ్రహించవలసింది, వేడి చోటు లేని పెట్టెలో ఉన్న బల్లికి జ్వరం తెచ్చుకునే అవకాశమే ఉండదని.

మందుల విషయంలోనూ ఇదే వరస. సరీసృపాల వైద్యులు తరచుగా వాడే సెఫ్టజిడిమ్ అనే యాంటీబయాటిక్‌ను మనుషులకు సాధారణంగా ఎనిమిది గంటలకోసారి ఇస్తారు. సరీసృపాలకు మాత్రం మూడు రోజులకోసారి ఇస్తారు. శరీరం ఆ మందును అంత నెమ్మదిగా బయటికి పంపుతుంది, ఆ నెమ్మది కూడా ఒంటి వేడిని బట్టి మారుతుంది. అందుకే వైద్యుడు రాసిన మోతాదు సరైన ఉష్ణోగ్రతలో ఉన్న బల్లికి మాత్రమే సరైన మోతాదు. కుక్క మందును బరువు నిష్పత్తిలో తగ్గించి వేసే సొంత వైద్యం ఎందుకు చెల్లదో ఈ ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది.

వేడి ఎలా ఇవ్వాలన్న దానిలో దుకాణాలు అమ్మే సామాను అంతా నమ్మదగినది కాదు. కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్లు పొట్టను కాలుస్తాయి, బల్లి కాలుతున్నా వెంటనే లేచిపోదు. ఎర్ర బల్బు రాత్రంతా వెలుగుతుంటే దానికి పగలు రాత్రి తేడా పోతుంది. పగటిపూట పైనుంచి హాలోజన్ దీపం, లేదా కింద హీట్ మ్యాట్, ఏది వాడినా దానికి వేడిని హద్దు దాటనివ్వని థర్మోస్టాట్ తగిలించడం తప్పనిసరి. పెట్టె గోడకు అంటించే గుండ్రటి ముల్లు గడియారం లాంటి థర్మామీటర్ చెప్పేది గోడ దగ్గరి గాలి సంగతి మాత్రమే. బల్లి పొట్ట ఆనేది నేలకు కాబట్టి అక్కడి వేడిని ప్రోబ్ ఉన్న డిజిటల్ పరికరంతో కొలవాలి. ఎండిపోయిన బల్లిని ఒక్కసారిగా మండే వేడిలో పెట్టడం కూడా తగదు. కొన్ని గంటల వ్యవధిలో మెల్లగా పెంచాలి, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ ఒంట్లోని నీరు కూడా ఆవిరవుతుంది.

నీటి లెక్క చుక్కల్లో

గోడ మీద బల్లి రెట్టను చూసినవారికి దాని చివరనుండే తెల్లటి ముక్క గుర్తుండే ఉంటుంది. అది బల్లి మూత్రమే. నీటిని పొదుపు చేయడానికి బల్లులు వ్యర్థ నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి, దాదాపు గట్టి రూపంలో బయటికి పంపుతాయి. ఒంట్లో నీరు తగ్గితే ఆ ముక్క తెలుపు పోయి పసుపు రంగుకు తిరిగి, సుద్దముక్కలా గట్టిపడుతుంది. ఇంకా ముదిరితే అదే పదార్థం మూత్రపిండాల్లోనూ కీళ్లలోనూ పేరుకుంటుంది. నీరు లేని శరీరానికి మాంసకృత్తులు నిండిన పురుగులను పెడితే యూరిక్ ఆమ్లం ఇంకా పెరుగుతుంది, బయటికి పంపడానికి నీరు మాత్రం ఉండదు. నీటి తర్వాతే తిండి అనడానికి ఇదీ కారణం.

నీరు తగ్గిందనడానికి లోతుకు పోయిన కళ్లు, చిటికెతో పట్టుకుంటే మడత అలాగే నిలిచిపోయే చర్మం, నోరు తెరిస్తే దారాల్లా సాగే జిగట ఉమ్మి గుర్తులు. వైద్యులు సాధారణంగా కిలో బరువుకు రోజుకు ఇరవై మిల్లీలీటర్ల చుట్టూ ద్రవాన్ని లెక్కిస్తారు. మన 32 గ్రాముల బల్లికి అది 0.64 మిల్లీలీటరు, అంటే రోజంతటికీ కలిపి దాదాపు పదమూడు చుక్కలు. చెంచాతో నీళ్లు పోయాలనుకునేవారు ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోవాలి. బల్లి శ్వాసనాళం నోట్లో నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది, బలవంతంగా చిమ్మిన నీరు కడుపులోకి పోవలసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముక్కు పక్కన, పెదవి అంచున ఒక్కో చుక్క పెడితే అది నాలుకతో నాక్కుంటుంది. నాకేంత ఓపిక కూడా లేకపోతే అది ఇంటివైద్యం దాటిపోయిన స్థితి. అప్పుడు చర్మం కిందికి ద్రవం ఎక్కించవలసింది వైద్యుడే.

గోరువెచ్చని నీళ్లలో, పొట్ట తడిసేంత లోతు మాత్రమే ఉంచి, పది పదిహేను నిమిషాలు నిలబెట్టడం వల్ల కొంత నీరు తాగుతుంది, విరేచనం కూడా సులువవుతుంది. ఆ కాసేపూ పక్క నుంచి కదలకూడదు, తల ఎత్తలేని బల్లి అర అంగుళం నీటిలోనూ మునిగిపోగలదు.

లంఘనం తర్వాత పథ్యం

లంఘనం పరమౌషధం అని మనవాళ్లు అన్నప్పుడు దాని వెనకే పథ్యం కూడా చెప్పారు. పది రోజులు జ్వరపడి లేచినవాడికి తొలిరోజే పప్పు, ఆవకాయ, నెయ్యి పెట్టరు. పలుచటి జావ, తర్వాత చారన్నం, ఆ తర్వాతే కూరలు. ఆధునిక వైద్యం రీఫీడింగ్ సిండ్రోమ్ అని పిలిచే ప్రమాదాన్ని మన వంటిళ్లు ఆ పేరు తెలియకుండానే దూరం పెట్టాయి. దీర్ఘకాలం ఆకలితో ఉన్న శరీరం తన కణాల్లోని ఫాస్ఫరస్, పొటాషియం నిల్వలను ఖర్చు చేసేసి ఉంటుంది. అకస్మాత్తుగా ఎక్కువ ఆహారం అందగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలి ఉన్న ఆ లవణాలు ఒక్కసారిగా కణాల్లోకి తరలిపోతాయి. రక్తంలో వాటి స్థాయి పడిపోయి గుండె లయ తప్పుతుంది. "నిన్న బాగా తింది, ఇవాళ చచ్చిపోయింది" అనే వింత విషాదానికి తరచుగా ఇదే కారణం.

ఎంత పెట్టాలన్న లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సరీసృపాల వైద్యులు వాడే సూత్రం ప్రకారం 32 గ్రాముల బల్లి విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకు ఖర్చు చేసేది సుమారు రెండు కిలోక్యాలరీలు. అర గ్రాము పంచదారలో ఉండే శక్తి అది. పథ్యం మొదట్లో అందులో పావో సగమో మాత్రమే ఇచ్చి, వారం పది రోజుల్లో పూర్తి మోతాదుకు రావాలి. మాంసాహార జంతువుల కోసం తయారుచేసిన పోషక పొడిని నీటిలో జావలా కలిపి, పెదవి మీద చుక్కలుగా పెట్టడం దీనికి అనువైన పద్ధతి. నాకడం మొదలుపెట్టాక పొట్ట మెత్తగా ఉన్న చిన్న పురుగులను ఇవ్వవచ్చు. తేనెపట్టులో పెరిగే మైనపు పురుగు అంటే దీనికి ప్రాణం, తొలిసారి నోరు తెరిపించడానికి ఒకటి రెండు వాడటంలో తప్పులేదు గాని, అందులో ఉన్నది ఎక్కువగా కొవ్వే. దానికి అలవాటుపడితే వేరే ఏదీ ముట్టదు. మిఠాయి రుచి మరిగిన పిల్లవాడికి అన్నం పెట్టడం ఎంత కష్టమో ఇదీ అంతే. మిణుగురులను మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, వాటిలోని విషానికి బల్లులు చనిపోతాయి.

తినకపోవడం ఒక లక్షణం, జబ్బు కాదు

వేడి, నీరు సరిచేశాక కొన్ని బల్లులు నాలుగైదు రోజుల్లో తమంతట తామే తినడం మొదలుపెడతాయి. అలా మొదలుపెట్టనివాటి విషయంలోనే అసలు చిక్కు వస్తుంది. తినకపోవడం అనే ఒక్క లక్షణం వెనక అరడజను కారణాలు ఉండవచ్చు, ఒక్కోదానికి చికిత్స వేరు, కొన్నింటికి పరస్పర విరుద్ధం కూడా.

అన్నిటికన్నా తేలికగా తప్పిపోయే కారణం కళ్లు. కుబుసం విడిచేటప్పుడు కనురెప్ప లోపల పొర మిగిలిపోతే బల్లికి పురుగు కనిపించదు, కనిపించని పురుగును అది వేటాడదు. ఆకలి పోయిందని మనం అనుకుంటాం, పోయింది చూపు. ఈ పొర పదేపదే మిగులుతుంటే విటమిన్ ఏ లోపాన్ని అనుమానించాలి. వేళ్ల చుట్టూ మిగిలిన కుబుసం ఎండి, వేలికి దారం బిగించి కట్టినట్టు పట్టేసి, రక్తప్రసరణ ఆగి ఆ వేలే రాలిపోతుంది. రక్షించి తెచ్చిన బల్లుల్లో ఒకటి రెండు వేళ్లు లేనివి కనిపించడానికి కారణం ఇదే. ఎడారి జంతువుకు తేమ ఎందుకని కొందరు వాదిస్తారు గాని, అడవిలో అది పగలంతా ఉండేది నేల కింద చెమ్మగా ఉండే బొరియల్లో. పెట్టెలో గాలి పొడిగా ఉన్నా, తడి కాగితం పరిచిన మూసిన గూడు ఒకటి ఉండాలి. మిగిలిన పొరను ఆ చెమ్మలో నాననిచ్చి, తడిపిన దూది పుల్లతో మెల్లగా దొర్లించి తీయాలి. పొడిగా ఉండగా పట్టకారుతో లాగితే కిందున్న చర్మం కూడా వస్తుంది. కంటి లోపలి పొర జోలికి మాత్రం ఇంట్లో ఎవరూ పోకూడదు.

రెండోది ఎముకలు. పెంపుడు బల్లుల జబ్బుల్లో ఎక్కువగా కనిపించేదీ, దాదాపు పూర్తిగా మనుషుల నిర్లక్ష్యం వల్ల వచ్చేదీ ఇదే. కీచురాళ్లు, మీల్‌వర్మ్ పురుగుల ఒంట్లో కాల్షియం కంటే ఫాస్ఫరస్ అనేక రెట్లు ఎక్కువ. బల్లికి కావలసింది దాదాపు దీనికి తలకిందులు, ఫాస్ఫరస్ ఒక పాలు అయితే కాల్షియం రెండు పాళ్లు. పురుగుల మీద కాల్షియం పొడి చల్లకుండా నెలల తరబడి పెడితే రక్తంలో కాల్షియం తగ్గుతుంది. గుండె, కండరాలు పనిచేయాలంటే రక్తంలో కాల్షియం ఒక స్థాయిలో ఉండి తీరాలి కాబట్టి పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల నుంచే దాన్ని తోడడం మొదలుపెడుతుంది. ఇల్లు గడవక ఇంటి దూలాలు ఊడదీసి అమ్ముకున్నట్టుంటుంది ఆ శరీరం పరిస్థితి. దవడ రబ్బరులా వంగుతుంది, కాళ్లు విల్లులా వంకరపోతాయి, వేళ్లు వణుకుతాయి, పొట్టను నేల మీంచి లేపలేదు. దవడ వంగే బల్లి గట్టి పురుగును నమలలేదు, అందుకే తినదు.

ఈ జబ్బులో కాల్షియం ఒక్కటే ఇచ్చినా సరిపోదు. పేగులు దాన్ని పీల్చుకోవాలంటే విటమిన్ డి3 కావాలి. చర్మం మీద పడే 290 నుంచి 315 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో ఆ విటమిన్ తయారీ మొదలవుతుంది, పూర్తవడానికి మళ్లీ ఒంటి వేడి కావాలి. ఇక్కడా వేడే ముందు నిలిచింది చూడండి. రాత్రి తిరిగే బల్లికి ఆ కాంతినిచ్చే యూవీబీ దీపం అక్కర్లేదని చాలాకాలం పెంపకందారులు నమ్మారు. సంధ్యవేళల్లో తోకో కాలో రాతి సందులోంచి బయటపెట్టి కాంతిని అందుకునే అలవాటు వీటికుందని గమనించాక ఆ అభిప్రాయం మారుతోంది, తక్కువ తీవ్రత గల యూవీబీ దీపం మేలు చేస్తుందనే నా అభిప్రాయం కూడా. కిటికీ పక్కన పెట్టె ఉంచితే ఆ పని జరగదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది, పైగా గాజు పెట్టె ఎండలో పొయ్యిలా మారుతుంది. డి3 పొడిని అతిగా వేస్తే కాల్షియం రక్తనాళాల్లోనూ మూత్రపిండాల్లోనూ పేరుకుంటుంది కాబట్టి జబ్బుపడిన బల్లికి మోతాదును రక్తపరీక్ష, ఎక్స్‌రే చూసి వైద్యుడే నిర్ణయించాలి. చికిత్సతో ఎముక గట్టిపడుతుంది గాని, వంకరపోయిన కాలు తిన్నగా రాదు. దానికి బాధపడవలసిన పనిలేదు, వంకర కాళ్లతో ఏళ్ల తరబడి హాయిగా తిరిగే బల్లులు ఉన్నాయి.

వణుకు కనిపించిన ప్రతిసారీ కాల్షియం లోపమే అనుకోవడం మరో పొరపాటు. రంగుల కోసం మనుషులు ఎంచి ఎంచి సంకరం చేసిన రకాల్లో ఎనిగ్మా అనే దానికి పుట్టుకతోనే నరాల లోపం ఉంటుంది. తల పైకెత్తి ఉండిపోతుంది, గుండ్రంగా తిరుగుతుంది, పురుగు మీదికి దూకి గురి తప్పుతుంది. ఎంత కాల్షియం పోసినా అది తగ్గదు. లెమన్ ఫ్రాస్ట్ అనే మెరిసే పసుపు రకంలో ఎనభై శాతం పైగా బల్లులకు చర్మంలోని రంగు కణాల నుంచి కణితులు పుడతాయి. 2021లో వెలువడిన జన్యు అధ్యయనం దీనికి స్పింట్1 అనే జన్యువుతో సంబంధాన్ని చూపింది. తెచ్చిన బల్లి ఏ రకమో తెలుసుకోవడం వైద్యంలో భాగమే.

మూడోది, ఇసుక. పేగుల్లో ఇసుక గట్టిపడి అడ్డుపడటం నిజమే, కానీ ఇసుక మీద పెరిగిన బల్లులన్నిటికీ అలా జరగదు. వేడిగా, నీటి కొరత లేకుండా ఉన్న బల్లి మింగిన కాస్త ఇసుకను విసర్జించేస్తుంది. చల్లబడి, ఎండిపోయి, కాల్షియం కోసం ఇసుకను నాకే బల్లికే అది ప్రాణాంతకమవుతుంది. అందుకే ఇసుకను మూలకారణం అనేకంటే చివరి దెబ్బ అనడం సబబు. కోలుకునే దాకా నేల మీద కాగితం పరిస్తే ఈ భయం ఉండదు, రెట్ట ఎలా ఉందో కూడా కనిపిస్తుంది.

నాలుగోది అందరినీ భయపెట్టేది. క్రిప్టోస్పోరిడియం వరానై అనే సూక్ష్మ పరాన్నజీవి చిన్నపేగు గోడలో చేరి పోషకాలను పీల్చుకోనివ్వదు. బల్లి తింటుంది, అయినా చిక్కిపోతుంది. ఆ తర్వాత తినడమూ మానేస్తుంది. రెట్ట పలుచగా, దుర్వాసనతో ఉంటుంది. దీన్ని పూర్తిగా నయం చేసే నమ్మకమైన మందు లేదు. పారోమోమైసిన్ లాంటివి కొంత అణచిపెట్టగలవు. దీని గుడ్లలాంటి కణాలు మామూలు బ్లీచింగ్‌కు చావవు, మరిగే ఆవిరికి చస్తాయి. పైగా అవి రెట్టలో రోజూ బయటపడవు కాబట్టి ఒక్క పరీక్షలో లేదని వస్తే లేదని నిర్ధారించలేము, పరాన్నజీవి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షను రెండు మూడుసార్లు చేయించాలి. ఇంట్లో వేరే బల్లులు ఉంటే కొత్తదాన్ని మూడు నెలలు వేరే గదిలో, వేరే పట్టకారు, వేరే గిన్నెలతో ఉంచమని చెప్పేది ప్రధానంగా దీని కోసమే. ఎండు తోకను చూడగానే ఇదే జబ్బని తేల్చి ప్రాణం తీయించేవారూ ఉన్నారు. కేవలం ఆకలి వల్లా తోక అలాగే ఎండుతుంది, పరీక్ష ఫలితం చేతికి రాకముందే అలాంటి తీర్పు ఇవ్వడం అన్యాయం.

సాధారణ పేగు పురుగుల సంగతి ఇంత తీవ్రం కాదు. కొద్దిపాటి పిన్‌వర్మ్‌లు ఆరోగ్యంగా ఉన్న బల్లిలోనూ ఉంటాయి. నీరసించిన శరీరానికి మొదటిరోజే పురుగుల మందు వేయడం కంటే, తాజా రెట్టను పరీక్ష చేయించి, కాస్త బలం వచ్చాక వైద్యుడు చెప్పిన మందు వేయడం మంచిది. సరీసృపాలు తెలిసిన వైద్యుడు దొరకడం అన్ని ఊళ్లలో సులువు కాదు. అమెరికాలో 1991 నుంచి పనిచేస్తున్న సరీసృప, ఉభయచర పశువైద్యుల సంఘం సభ్యుల జాబితా వెతకడానికి మంచి మొదలు.

బల్లి పడిన కూర విషమని మన ఇళ్లలో ఉన్న భయానికి ఆధారం లేదు, బల్లికి విషం లేదు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా మాత్రం చాలా సరీసృపాల పేగుల్లో ఉంటుంది, దానివల్ల బల్లికి ఏ ఇబ్బందీ కనిపించకపోవచ్చు. అమెరికా 1975లో నాలుగు అంగుళాలకన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది దీనివల్లే. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలను వంటింటి సింక్‌లో కడగకూడదు, ఐదేళ్లలోపు పిల్లలను దూరంగా ఉంచాలి. రోగిగా ఉన్న బల్లికి సేవ చేసేటప్పుడు రోజుకు నాలుగుసార్లు ముట్టుకుంటాం కాబట్టి ఈ జాగ్రత్త మామూలుకంటే ఎక్కువ కావాలి.

కోలుకుంటోందని ఎలా తెలుస్తుంది? కంటి చూపుతో తెలియదు, రోజూ చూసే కళ్లకు మార్పు కనబడదు. పదో వంతు గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొని, వారానికి రెండుసార్లు ఒకే వేళకు తూచి కాగితం మీద రాసుకోవాలి. 32 గ్రాముల బల్లికి ఒక గ్రాము తేడా అంటే అరవై ఐదు కిలోల మనిషికి రెండు కిలోల తేడా. తూచడానికి ముందు రోజు రెట్ట వేసిందా లేదా అన్నదీ పక్కనే రాసుకోకపోతే ఆ అంకె మోసం చేస్తుంది. మొదటి వారంలో నీరు చేరడం వల్ల బరువు కాస్త పెరిగి, రెండో వారంలో నిలిచిపోవడం మామూలే. దాన్ని చూసి తిండిని రెట్టింపు చేయకూడదు.

వేడి, నీరు, పథ్యం, మందు అన్నీ సరిగ్గా అందాక కూడా మూడు నాలుగు వారాలపాటు బరువు పడిపోతూనే ఉంటే, దవడ ఎముకలు విరిగి నోరు మూసుకోలేకపోతే, పరాన్నజీవి పరీక్ష మళ్లీ మళ్లీ పాజిటివ్ వస్తే, ప్రాణం తీయడమే దయ అని వైద్యుడు చెప్పే రోజు రావచ్చు. ఆ పని మత్తుమందుతో వైద్యుడి చేతి మీదుగానే జరగాలి. చల్లని జంతువు కదా, ఫ్రీజర్‌లో పెడితే నిద్రలో పోతుందనే మాట పాతకాలపు అపోహ.

అలా కాక కోలుకునే బల్లిలో మార్పులు దాదాపు ఒక వరసలోనే వస్తాయి. ముందు రెట్టకు ఆకారం వస్తుంది, దాని చివర తెల్లటి ముక్క మెత్తబడుతుంది. తర్వాత సాయంత్రం దీపం ఆరే వేళకు గూటిలోంచి తల బయటపెట్టి చూడటం మొదలుపెడుతుంది. ఒకరోజు జావ చుక్కను పక్కకు నెట్టి, పెట్టె మూల కదులుతున్న కీచురాయి వైపు మెడ తిప్పి, తోక కొస ఆడిస్తూ మాటు వేస్తుంది. ఆ రోజు నుంచి చేత్తో తినిపించడం ఆపేయవచ్చు. తోక మళ్లీ మెడంత లావు కావడానికి మాత్రం నెలలు పడుతుంది, అప్పటిదాకా కాటాను మూలన పెట్టకూడదు.